నియోస్ 2 సిస్టమ్‌లో సొంత పీడబ్ల్యూఎం బ్లాక్: రాసిన విలువ హార్డ్‌వేర్‌కి చేరకపోతే

ఎఫ్‌పీజీఏ చిప్ లోపల పెట్టుకునే నియోస్ 2 ప్రాసెసర్‌కి జతగా, ఎల్‌ఈడీ వెలుతురు మార్చడానికి వెరిలాగ్‌లో (హార్డ్‌వేర్‌ని వర్ణించే భాష) చిన్న పీడబ్ల్యూఎం బ్లాక్ (పల్స్ వెడల్పు మార్చే సర్క్యూట్) రాసుకున్నాను. 32 బిట్ల రిజిస్టర్లు రెండే, మొదటిది పీరియడ్ (ఒక పల్స్ చక్రం నిడివి), రెండోది డ్యూటీ (అందులో ఆన్‌లో ఉండే భాగం). ప్రాసెసర్‌నీ బ్లాకుల్నీ కలిపే టూల్ ప్లాట్‌ఫారమ్ డిజైనర్‌లో, అంటే పాత క్యూసిస్‌లోనే, కాంపొనెంట్ ఎడిటర్ తెరిచి అవలాన్ బస్ (ప్రాసెసర్ బ్లాకులతో మాట్లాడే దారి) సిగ్నల్స్ జత చేస్తే అది ఒక టీసీఎల్ ఫైల్ రాసిపెడుతుంది. ఆ ఫైల్ ఉన్న ఫోల్డర్‌ని ఐపీ సెర్చ్ పాత్‌లో చేర్చాకే నా బ్లాక్ లిస్టులో కనిపించింది.

నియోస్ 2లో చిన్న రకమైన ఎకానమీ కోర్‌తో అంతా బాగానే నడిచింది. వేగం కోసం ఫాస్ట్ కోర్‌కి మారగానే ఎల్‌ఈడీ కదలడం మానేసింది, నిజంగా టెన్షన్ వచ్చింది, ఎందుకంటే వెరిలాగ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు, పైగా రాసిన విలువని తిరిగి చదివితే సరిగ్గానే వస్తోంది!

కారణం డేటా క్యాష్, అంటే ప్రాసెసర్ డేటాని తన దగ్గరే తాత్కాలికంగా ఉంచుకునే చిన్న మెమరీ. నేను సీ ప్రోగ్రామ్‌లో మామూలు పాయింటర్‌తో రాస్తున్నాను, ఆ విలువ క్యాష్‌లోనే ఆగిపోతోంది, చదివినా అక్కడినుంచే వస్తోంది. ఎకానమీ కోర్‌లో క్యాష్ లేదు కాబట్టి అప్పుడు బయటపడలేదు. పాయింటర్‌కి వోలటైల్ అనే పదం పెట్టి చూశాను, లాభం లేదు, అది కంపైలర్‌కి చెప్పే మాటే తప్ప నియోస్ 2లో క్యాష్‌ని దాటించదు.

పాయింటర్ తీసేసి, క్యాష్‌ని దాటి నేరుగా రాసే ఐఓడబ్ల్యూఆర్, చదివే ఐఓఆర్‌డీ మాక్రోలు వాడగానే పని చేసింది. వీటికి ఇచ్చేది 0 నుంచి లెక్కపెట్టే రిజిస్టర్ నంబర్, కాబట్టి డ్యూటీకి 1. అదే 32డైరెక్ట్ రకం వాడితే బైట్ ఆఫ్‌సెట్, అంటే 4 ఇవ్వాలి. కాంపొనెంట్ అడ్రస్ మార్చిన ప్రతిసారీ బీఎస్‌పీని (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజీ, హార్డ్‌వేర్ వివరాలతో తయారయ్యే సాఫ్ట్‌వేర్ ఫైళ్లు) కూడా మళ్లీ జనరేట్ చేయండి, లేదంటే సిస్టమ్ హెడర్‌లో పాత అడ్రసే ఉంటుంది.