డిస్కు మార్చుకుందాం – 4వ పాఠం: కవల డిస్కుల గొడవ

ఈ వారం పార్టిషన్ల (డిస్కులో విడగొట్టిన భాగాల) సైజులు మార్చడం చెప్తానన్నాను. చెప్తాను, కానీ ముందు పోయిన పాఠం తెచ్చిన పంచాయితీ తేల్చాలి. పాత డిస్కును ఉన్నదున్నట్టు కొత్తదానికి నకలు తీయడం, అంటే క్లోన్ చేయడం, అందులో చెప్పాను. అది చదివి క్లోన్ చేసినవాళ్లలో ముగ్గురు హన్మకొండలో నా షాపుకే వచ్చారు. ఒకాయన కాజీపేట నుంచి సీపీయూ డబ్బాను ఆటోలో ఒళ్లో పెట్టుకుని మరీ వచ్చారు. తప్పు వాళ్లది కాదు. "క్లోన్ అయ్యాక పాత డిస్కు తీసేయండి" అని ఒక్క ముక్క రాసి ముందుకు పోయింది నేనే.

ముందు కాజీపేట ఆయన సంగతి. కంప్యూటర్‌లో విండోస్, ఉబుంటు (లినక్స్ సిస్టమ్) రెండూ ఉన్నాయి. పాతది 500 జీబీ హార్డ్ డిస్కు, కొత్తది 1 టీబీ ఎస్‌ఎస్‌డీ. క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ క్లోన్‌జిల్లా ఏ ఎర్రరూ చూపకుండా పని ముగించింది. రెండు డిస్కులూ లోపలే ఉంచి ఆన్ చేశారు. ఉబుంటు మామూలుగానే వచ్చింది. నాలుగు రోజులు కూర్చుని కూతురి ప్రాజెక్టు రిపోర్టు టైప్ చేశారు. ఐదో రోజు పాత డిస్కు తీసేసి చూస్తే రిపోర్టు లేదు. నాలుగు రోజులూ ఉబుంటు నడిచింది పాత డిస్కు మీదే! "ఎస్‌ఎస్‌డీ పెట్టినా స్పీడు పెరగలేదేంది అనుకున్న సార్" అన్నారు. నయం, పాతదాన్ని ఇంకా ఫార్మాట్ కొట్టలేదు.

ప్రతి పార్టిషన్‌కీ యూయూఐడీ అని ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. డిస్కులకు ఉబుంటు పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు ఒక్కోసారి తారుమారవుతాయి కాబట్టి, ఉబుంటు తన పార్టిషన్‌ను ఈ నంబరుతోనే వెతుక్కుంటుంది. క్లోన్ చేస్తే ఫైళ్లతో పాటు ఆ నంబరు కూడా దిగిపోతుంది. కవల పిల్లలకైనా ఆధార్ నంబర్లు వేరువేరు. ఇక్కడ ఇద్దరికీ ఒకటే. ముందు ఏది దొరికితే అదే తెరుచుకుంటుంది. ఇవాళ కొత్తది తెరుచుకుందని రేపూ అదే తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

విండోస్ గుణం వేరు. ఒకే గుర్తింపుతో రెండు డిస్కులు కనిపిస్తే ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పడేస్తుంది. అక్కడ ఊరుకుంటే బాగానే ఉండేది. మనం డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కుడి బటన్ నొక్కి, 'ఆన్‌లైన్' అంటాం. అప్పుడు ఆ డిస్కుకి కొత్త గుర్తింపు రాసేస్తుంది. కానీ దానిలోని బూట్ మెనూలో పాత గుర్తింపే ఉంటుంది. తర్వాత ఆ డిస్కుతో బూట్ చేయబోతే నీలి తెర వస్తుంది. షాపుకు వచ్చిన ముగ్గురిలో హసన్‌పర్తి తమ్ముడికి అయింది ఇదే.

కాబట్టి మళ్లీ చెప్తున్నా. క్లోన్ కాగానే షట్‌డౌన్ చేయండి. ప్లగ్ పీకండి. పాత డిస్కు తీసి, దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించి 'పాతది' అని, తేదీతో సహా రాయండి. మొదటిసారి కొత్త డిస్కు ఒక్కటే ఉండగా ఉబుంటు, విండోస్ రెండూ తెరిచి చూడండి. పాతదాన్ని యూఎస్‌బీ కేస్‌లో పెట్టి పక్కన తగిలించినా తగిలించినట్టే! యూయూఐడీలు మార్చే కమాండ్లు ఉన్నాయి, నాకూ తెలుసు. నేను వాడను. పాత డిస్కు ఒక నెల డ్రాయర్‌లో పడుంటుంది, ఆ తర్వాతే ఫార్మాట్.

బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్కుకు వేసే తాళం) 48 అంకెల కీ అడిగిందని రాసినవాళ్లకు: 'సస్పెండ్' చేస్తే చాలదు, డేటా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. పూర్తిగా 'టర్న్ ఆఫ్' చేసి, డీక్రిప్షన్ అయిపోయేదాకా ఆగి, అప్పుడు క్లోన్ మొదలుపెట్టండి.

ఇక సైజుల సంగతి. 1 టీబీ డిస్కు 931 జీబీగా కనిపిస్తే షాపువాడిని తిట్టకండి, లెక్కలో తేడా అంతే. లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటుతో) బూట్ చేసి, పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ తెరవండి. డిస్కులో కొంత జాగా వాడుకలో లేదని అడిగితే 'ఫిక్స్' నొక్కండి. జీపీటీ పట్టిక (ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసిన జాబితా) నకలు డిస్కు చివర ఉండాలి, క్లోన్ చేశాక ఒక్కోసారి మధ్యలో ఉండిపోతుంది.

కాజీపేట ఆయన డిస్కు వరస ఇది: ముందు 100 ఎంబీ ఈఎఫ్‌ఐ (బూట్ ఫైళ్లు ఉండేది), తర్వాత 16 ఎంబీ విండోస్ రిజర్వ్‌డ్, సీ డ్రైవ్, రికవరీ, ఉబుంటు, చివర ఖాళీ. ఉబుంటు పెంచడం తేలిక, దాని కుడి అంచు ఖాళీ జాగాకే ఆనుకుని ఉంది. ఆయనకు మాత్రం సీ డ్రైవే పెంచాలని. అలా చేయాలంటే ఉబుంటును, రికవరీని ఒక్కొక్కటిగా కుడికి జరపాలి. పార్టిషన్ ఎడమ అంచు కదిలిందంటే లోపలి డేటా మొత్తం ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట రాయాల్సిందే. 200 జీబీ అయితే చాలాసేపే. మధ్యలో కరెంటు పోతే ఆ పార్టిషన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. మా వీధిలో ఎండాకాలం సాయంత్రం నాలుగు దాటితే నేనైతే 'మూవ్' జోలికి పోను. నా యూపీఎస్ పావుగంటే ఆగుతుంది.

ఆయనకు చివరి ఖాళీలో విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో పార్టిషన్ ఒకటి చేసి, డీ డ్రైవ్‌గా ఇచ్చి పంపాను. ఫొటోలు, వీడియోలు అందులో పడేస్తే సీ డ్రైవ్ దానంతటదే ఖాళీ అవుతుంది, రెండు సిస్టమ్‌లకూ పనికొస్తుంది. అయినా సీ డ్రైవే పెంచాలంటే జీపార్టెడ్‌లో ఖాళీని సీ పక్కకు తెచ్చి ఆపండి. పెంచడం మాత్రం విండోస్‌లోకి వెళ్లి చేయండి. తన డ్రైవ్‌ను తనే పెంచుకుంటే నాకు టెన్షన్ ఉండదు.

జీపార్టెడ్‌లో సీ డ్రైవ్ పక్కన పసుపు త్రికోణం కనిపిస్తే ఫాస్ట్ స్టార్టప్‌ను అనుమానించండి. షట్‌డౌన్ కొట్టినా విండోస్ ఒక కన్ను తెరిచే పడుకుంటుంది. కంట్రోల్ ప్యానెల్‌లో, పవర్ ఆప్షన్స్‌లో దాన్ని ఆపేసి మళ్లీ షట్‌డౌన్ చేసి రండి.

అభ్యాసం: 8 జీబీ, 16 జీబీ పెన్‌డ్రైవ్‌లు పనికిరానివి వెతకండి. చిన్నదాన్ని ఉబుంటు వాడే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేసి నాలుగు ఫొటోలు వేసి, పెద్దదానికి క్లోన్ చేయండి. రెండూ పెట్టి యూయూఐడీలు చూసి కాగితం మీద రాసుకోండి. తర్వాత చిన్నదాన్ని తీసేసి, పెద్దదానిలో పార్టిషన్‌ను చివరిదాకా పెంచండి. తర్వాత 4 జీబీకి కుదించి, కుడికి జరపండి. జరుపుతున్నప్పుడు కావాలనే పెన్‌డ్రైవ్ పీకేయండి. ఫొటోల్లో ఎన్ని మిగిలాయో చూసి, ఆ లెక్క పట్టుకుని 5వ పాఠానికి రండి.