యుద్ధవీరుడైన పైలట్ గురించి స్పీచ్ రాసుకునే పద్ధతి

నేను వైమానిక దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా, అంటే విమానం బాడీ పనులు చూసే మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. ఆగస్టు 15 దగ్గర పడితే కాలనీ పిల్లలు స్పీచ్ కోసం నా దగ్గరికే వస్తారు. "ప్రాణాలకు తెగించి పోరాడాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. అందుకే వాళ్లకి ఇలా చెబుతాను.

ముందు పతకం ఏదో తేల్చుకోండి. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర శత్రువుకు ఎదురు నిలిచిన సాహసానికి ఇస్తారు. వాయుసేన మెడల్ అలా కాదు, సాహసానికీ ఇస్తారు, విధి నిర్వహణకీ ఇస్తారు. దేనికిచ్చారో చూసి రాయండి. యూనిఫాం మీద రిబ్బన్ సగం తెలుపు, సగం నారింజ ఉంటే మహావీర. సగం ముదురు నీలం, సగం నారింజ ఉంటే వీర.

తర్వాత సైటేషన్, అంటే పతకం ఎందుకిచ్చారో చెప్పే అధికారిక పత్రం. రక్షణ శాఖ వారి గ్యాలంట్రీ అవార్డ్స్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. భాష కాస్త బిగుసుకుపోయి ఉంటుంది, అయినా విశేషణాలు దాటేసి జరిగింది మాత్రం ఏరుకోండి. ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్‌దే తీసుకోండి. 1971 డిసెంబర్ 14, శ్రీనగర్. పాకిస్తాన్‌వి ఆరు సేబర్ యుద్ధవిమానాలు మీదికొచ్చాయి. ముందు లేచిన విమానం రేపిన దుమ్ము వల్ల ఆయన వెంటనే టేకాఫ్ చేయలేకపోయారు. రన్‌వే తేటపడేసరికి శత్రు విమానాలు నెత్తి మీదే ఉన్నాయి, బాంబులు పడుతున్నాయి. అయినా తన చిన్న యుద్ధవిమానం గ్నాట్‌ని లేపారు. నా మట్టుకు ఆ దుమ్ములో ఆగిన క్షణాలే ఈ కథకి గుండెకాయ. స్పీచ్ అక్కడే మొదలుపెట్టండి.

సైటేషన్‌తో ఆగిపోకండి, అవతలి పక్షం ఏం రాసుకుందో కూడా వెతకండి. ఈ మాట ఎందుకంటున్నానో స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య కథ వింటే తెలుస్తుంది. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి మిస్టేర్ యుద్ధవిమానంలో వెళ్లి తిరిగి రాలేదు. ఆయనకి ఏమైందో మనవాళ్లకి తెలియదు. 1979లో పాకిస్తాన్ వైమానిక దళం పూనికతో ఒక బ్రిటిష్ రచయిత రాసిన పుస్తకం వచ్చింది. ఆ రోజు వాళ్ల స్టార్‌ఫైటర్ జెట్‌ని ఒక మిస్టేర్ కూల్చిందని అందులో బయటపడింది. ధ్వనికి రెండింతల వేగంతో పోయే విమానాన్ని అంతకంటే ఎంతో నెమ్మదైన విమానం, అదీ అప్పటికే దెబ్బతిన్న విమానం! ఆనాటి ఆయన కమాండింగ్ ఆఫీసర్ తనేజా పట్టువదలకుండా తిరిగితే 1988లో మహావీర చక్ర వచ్చింది. అందుకే సాహసం చేసిన తేదీ, పతకం ప్రకటించిన తేదీ రెండూ విడివిడిగా రాయాలి.

స్వాతంత్ర్యానికి ముందువాళ్లయితే బ్రిటిష్ ప్రభుత్వ అధికారిక పత్రిక లండన్ గెజెట్ చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితం. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం తరఫున పోరాడిన ఇంద్రలాల్ రాయ్ 1918 జూలై 22న ఫ్రాన్స్‌లో నేలకొరిగాడు, పంతొమ్మిదేళ్ల కుర్రాడు. బ్రిటిష్ వారి సాహస పతకం డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటన సెప్టెంబర్‌లో గానీ రాలేదు.

చివరిగా, పేరు ముందు ఆ రోజుకి ఉన్న ర్యాంకే రాయండి. 1944లో అదే క్రాస్ అందుకున్నప్పుడు అర్జన్ సింగ్ స్క్వాడ్రన్ లీడర్. మార్షల్ హోదా 2002లో వచ్చింది.