అందుబాటు ధర ఇళ్లకు చుట్టుపక్కలవాళ్ల మద్దతు కూడగట్టడం ఎలా

తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఫలానా చోట ఇళ్లు కడతారని తెలియగానే, వద్దనేవాళ్లు పిలవకుండానే వస్తారు. కావాలనేవాళ్లను మాత్రం ఒక్కొక్కరినీ పిలుచుకోవాలి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 97 నగరాలు, పట్టణాల ప్లానింగ్ సమావేశాల మినిట్స్‌ను, అంటే ఎవరేం మాట్లాడారో రాసిపెట్టిన రికార్డులను, బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు పరిశీలించారు. కొత్త ఇళ్ల గురించి మాట్లాడినవాళ్లలో సమర్థించినవాళ్లు దాదాపు 15 శాతమే. వ్యతిరేకించినవాళ్లు 60 శాతం పైనే. మాట్లాడినవాళ్లలో సొంతిళ్లున్నవాళ్లు, వయసు పైబడినవాళ్లు ఎక్కువ. అనుమతి ఇవ్వాలా వద్దా అని ఓటు వేసే బోర్డు సభ్యులకు మాత్రం ఆ గదిలో వినిపించిందే జనాభిప్రాయం.

ముందు ప్రాజెక్టు ఫైలు చదవండి

ఎన్ని ఇళ్లు, ఎన్ని అంతస్తులు, ఎంత ఆదాయం లోపువాళ్లకు, అద్దెకా అమ్మకానికా, తక్కువ ధర షరతు ఎన్నేళ్లు ఉంటుంది, పార్కింగ్ ఎంత, వాన నీళ్లు ఎటు పోతాయి: ఇవన్నీ మీకు కంఠతా రావాలి. నిర్ణయం ఎవరి చేతిలో ఉంది, ఎన్ని ఓట్లు కావాలి, రాతపూర్వక అభిప్రాయాలకు ఆఖరి తేదీ ఏది అనేవి కూడా రాసిపెట్టుకోండి. ఆ గడువు చాలాసార్లు విచారణకంటే, అంటే ఓటుకు ముందు జనం మాట వినే బహిరంగ సమావేశంకంటే, ముందే ముగుస్తుంది. మంచి ఉత్తరాలు ఎన్నో ఫైలుకెక్కకుండా పోయేది ఇక్కడే.

తర్వాత ఒక్క కాగితం తయారుచేయండి. అందులో ‘అందుబాటు ధర’ అని రాసి వదిలేస్తే ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు. ఇంటి ఖర్చు కుటుంబ ఆదాయంలో 30 శాతం దాటకూడదనేది చాలాచోట్ల వాడే లెక్క. దాన్ని తిరగేసి చూపించండి: అద్దె ఇంత, దానికి మూడింతలకు పైచిలుకు ఆదాయం ఉంటే ఆ కుటుంబం భరించగలదు, అంత ఆదాయం ఈ ప్రాంతంలో ఫలానా ఉద్యోగాల్లో వస్తుంది. నర్సు జీతం ఆదాయ పరిమితి దాటితే నర్సు పేరు వాడకండి. ఎదుటి పక్షం ఆ లెక్క తప్పకుండా వేస్తుంది, అక్కడ తప్పు దొరికితే మిగతా కాగితాన్నీ ఎవరూ నమ్మరు.

గోడ పక్కవాళ్లతో మొదలుపెట్టండి

ఆరు నుంచి ఎనిమిది మంది జట్టు చాలు. అందులో స్థలానికి దగ్గర్లో ఉండేవాళ్లు ఒకరు, సొంతిల్లున్నవాళ్లు ఒకరు, అద్దెకుండేవాళ్లు ఒకరు తప్పనిసరి. అధికారిక నోటీసు రాకముందే స్థలాన్ని ఆనుకుని ఉన్న ఇళ్లకు వెళ్లండి. నోటీసు చూసి తెలుసుకున్న మనిషి, తనకు తెలియకుండా ఏదో జరిగిపోతోందనే కోపంతోనే మాట్లాడతాడు. ఇద్దరిద్దరుగా వెళ్లి, కాగితం చేతికిచ్చే ముందు ‘ఈ స్థలం విషయంలో మీకు దేని గురించి బెంగ?’ అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.

వచ్చే అభ్యంతరాల్లో కొన్ని మార్చగలిగేవి: తమ పెరట్లోకి చూసే కిటికీ, చెత్త డబ్బాల చోటు, రాత్రి లైట్లు, పని జరిగే వేళలు. వీటికి బిల్డరు నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు. ఇళ్ల సంఖ్య తగ్గించమనే కోరిక వేరు. స్థలం ఖర్చంతా మిగిలిన కొద్ది ఇళ్ల మీదే పడి ఒక్కో ఇంటి ఖర్చు పెరుగుతుంది, తక్కువ అద్దె లెక్క అక్కడే తప్పుతుంది. ఏది మార్చవచ్చు, ఏది కుదరదు అన్నది బిల్డరుతో ముందే తేల్చుకోకుండా గడప తొక్కవద్దు. మొహమాటానికి ‘చూద్దాంలెండి’ అంటే అదే మాట విచారణలో హామీగా తిరిగొస్తుంది.

ఇంటి విలువ పడిపోతుందనే భయాన్ని తేలిగ్గా తీసేయకండి, ఆ ఇల్లే వాళ్ల జీవితకాలపు పొదుపు కావచ్చు. న్యూజెర్సీలోని మౌంట్ లారెల్‌లో ఏళ్ల తరబడి వ్యతిరేకత తర్వాత 2000లో ఎథెల్ లారెన్స్ హోమ్స్ అనే అందుబాటు ధర ఇళ్ల సముదాయం తెరుచుకుంది. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ సామాజిక శాస్త్రవేత్తలు దగ్గర్లోని ఇలాంటి పట్టణాలతో పోల్చి చూస్తే, ఆ ఇళ్లవల్ల నేరాలు పెరిగినట్టుగానీ ఆస్తుల విలువ తగ్గినట్టుగానీ తేలలేదు. అంతకన్నా పనిచేసేది, ఇలాంటి ఇళ్లు ఇప్పటికే ఉన్న చోటికి వాళ్లను తీసుకెళ్లి చూపించడం.

జనాన్ని పోగుచేసి ఒక్క మైకు పెట్టే సభ మాత్రం వద్దు. గట్టిగా అరిచే ముగ్గురు చాలు, మిగతావాళ్లు నోరు మూసుకోవడానికి. అదే గదిలో ట్రాఫిక్‌కు ఒక బల్ల, డిజైన్‌కు ఒకటి, దరఖాస్తు అర్హతలకు ఒకటి పెట్టి, వచ్చినవాళ్లు తిరుగుతూ అడిగేలా చేయండి.

విచారణ రోజు

ఒకే నమూనాలో వచ్చే వంద ఉత్తరాలకంటే సొంత మాటల్లో రాసిన పది ఉత్తరాలకు బరువెక్కువ. ఐదారు వాక్యాలు, కింద పేరు, ఉండే వీధి చాలు. సోషల్ మీడియా తేదీలు గుర్తుచేయడానికి పనికొస్తుంది, మనుషుల్ని గదిలోకి తెచ్చేది ఫోనే. వస్తామన్నవాళ్లలో సగం మందే వస్తారనుకోండి. 20 మంది కావాలంటే 40 మంది మాట ఇవ్వాలి. వారం ముందు, ముందురోజు, ఆ ఉదయం ఫోన్ చేయండి. పిల్లల్ని చూసుకునేవాళ్లను, రానుపోను బండిని ఏర్పాటు చేయకపోతే, ఎవరి గొంతు వినిపించాలో వాళ్లే ఇంట్లో ఉండిపోతారు.

ఒక్కొక్కరికి సాధారణంగా రెండు మూడు నిమిషాలిస్తారు, జనం ఎక్కువైతే తగ్గిస్తారు. అందుకే 90 సెకన్లకే సిద్ధం చేయండి: నేనెవరు, ఎక్కడ ఉంటాను, ఒకే ఒక్క కారణం, చివర్లో ‘దీన్ని ఆమోదించండి’. ఆ ఆఖరి మాట చాలామంది మరచిపోతారు. పక్కింటివాళ్లు ఒకరు, సిబ్బంది దొరక్క ఇబ్బందిపడే యజమాని ఒకరు, ఇల్లు వెతుక్కుంటున్నవాళ్లు ఒకరు మాట్లాడితే ఒకరి మాట ఇంకొకరు తిరగేసి చెప్పినట్టుండదు. తన కష్టం నలుగురిలో చెప్పుకోమని మాత్రం ఎవరినీ బలవంతపెట్టకండి. అవతలివాళ్లు మాట్లాడుతుంటే మీవైపు ఒక్కరు గేలి చేసినా అప్పటిదాకా చేసిన మేలంతా పోతుంది.

వాయిదా పడితే కంగారుపడకండి. కొత్త తేదీ అక్కడికక్కడే అడిగి, ఆ రాత్రే అందరికీ పంపండి. ఆమోదం వచ్చాక కూడా అప్పీలు గడువు, నిధుల మంజూరు మిగిలి ఉంటాయి కాబట్టి మద్దతిచ్చినవాళ్ల పేర్ల జాబితాను పారేయవద్దు. పనులు మొదలయ్యే ముందు దుమ్ము, చప్పుడు ఫిర్యాదులు తీసుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు బిల్డరు దగ్గర తీసుకుని, మొదట కలిసిన ఆ గోడ పక్క ఇళ్లకు మీరే వెళ్లి ఇచ్చిరండి.