ప్రార్థనకు జవాబు రాలేదా? ఆ ప్రశ్నను అణచుకోకండి

ఉపవాసముండి ప్రార్థించినా మనిషి దక్కలేదు. "దేవుడు ఎందుకు వినలేదు?" అంటే చుట్టూ ఉన్నవాళ్లు "అలా అడగకూడదు, అది అవిశ్వాసం" అంటారు. బైబిలు అలా అనదు. హబక్కూకు ప్రవక్త ఎన్నాళ్లు మొరపెట్టాలని దేవుణ్ణే నిలదీశాడు. చెరసాలలో ఉన్న బాప్తిస్మమిచ్చు యోహాను, రాబోవువాడు నీవేనా అని ఇద్దరు శిష్యులతో యేసును అడిగించాడు. వాళ్లు వెళ్లాక యేసు జనం ముందు యోహానును మెచ్చుకున్నాడు (లూకా 7).

ముందు మీ ప్రశ్నను నోటుబుక్కులో ఒక్క వాక్యంగా రాయండి. "అన్నీ సందేహాలే" అని రాస్తే ఎటూ కదలదు. రాశాక అది ఏ రకమో చూడండి. యేసును పట్టించిన యూదా మరణం మత్తయి 27లో ఒకలా, అపొస్తలుల కార్యములు 1లో మరోలా ఎందుకుంది అన్నది చదివి తేల్చుకోవాల్సినది. మంచి వ్యాఖ్యాన గ్రంథం, చదువుకున్న బోధకుడు ఉంటే చాలు. "నా బిడ్డకే ఎందుకు?" అన్నది గాయం. సాధారణంగా పని చెడేది ఇక్కడే: గాయపడినవాడితో వాదిస్తారు, వివరణ అడిగినవాడికి "ప్రార్థన చెయ్యి, సర్దుకుంటుంది" అని చెప్పి పంపిస్తారు.

కొత్త సంవత్సరం రాత్రి తీసుకున్న వాగ్దాన వచనం నెరవేరలేదన్నదే మీ బాధ అయితే, ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం చదవండి. మేలైన భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 బబులోను చెరలో ఉన్నవాళ్లకు వెళ్లిన ఉత్తరంలోది. దాని పై వచనంలోనే, తిరిగి రావడం 70 సంవత్సరాలు నిండాకేనని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న ముసలివాళ్లు తిరుగు ప్రయాణం చూడలేరు. అప్పటిదాకా ఏం చేయాలో 5వ వచనంలో ఉంది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి.

"తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అన్న మాట ఎన్నో ఇళ్ల గోడల మీద కనిపిస్తుంది. అది యోబు 8:7. ఆ మాట అన్నది, పిల్లల్ని పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల్లో ఒకడైన బిల్దదు. అంతకు మూడు వచనాల ముందే, నీ పిల్లలు పాపం చేసి ఉంటారని చనిపోయిన పిల్లల గురించి తండ్రి మొహాన అన్నాడు. యోబు చివరికి అభివృద్ధి పొందిన మాట నిజమే. అయినా ఆ స్నేహితులు తన గురించి యుక్తమైనది పలకలేదని దేవుడే 42:7లో కోపించాడు. దేవునితో వాదించిన యోబు పలికినది యుక్తమన్నాడు. 42 అధ్యాయాలు ఒకేసారి కష్టమైతే 1 నుంచి 3 వరకు, తర్వాత 4, 8, 11, ఆ పైన 38, 42 చదవండి. "నాకే ఎందుకు" అన్నదానికి యోబుకు సూటి జవాబు రాలేదు, దేవుడే మాట్లాడటానికి వచ్చాడు. ఆ తేడా దగ్గర కాసేపు ఆగండి.

ఇక ప్రశ్ననే ప్రార్థనగా మార్చాలి. 13వ కీర్తనలో ఆరే వచనాలు: మొదటి రెండు ఫిర్యాదు, తర్వాతి రెండు మనవి, చివరి రెండు నమ్మకం. అదే వరుసలో మీ మాటల్లో ఆరు వాక్యాలు రాసి పైకి చదవండి. చివరి రెండూ నోట రాకపోతే బలవంతంగా పలకకండి. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, అదీ ప్రార్థనే.

ప్రశ్నను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పది మంది పది వచనాలు పంపుతారు, ఒక్కరూ వినరు. పాస్టరు గారిని ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర కాకుండా, వారం మధ్యలో అరగంట సమయం అడిగి, ఒక్క ప్రశ్నతో వెళ్లండి. వాదోపవాదాల వీడియోలు అర్ధరాత్రి వరుసగా చూడటం వల్ల ఒక ప్రశ్న ఇరవై అవుతుంది, ఏదీ తేలదు. జవాబు దొరికేదాకా సంఘానికి వెళ్లనని పంతం పట్టడం ఇంకా నష్టం. యేసు తిరిగి లేచాడంటే నమ్మనే నమ్మనన్న తోమా ఎనిమిది దినాల తర్వాత కూడా మిగతా శిష్యులతోనే ఉన్నాడు (యోహాను 20:26).

నిద్ర, తిండి పోయి, బతకాలని లేదనిపిస్తే ఈ పుస్తకాలన్నీ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. చచ్చిపోతానన్న ఏలీయాను దేవుడు ముందు నిద్రపోనిచ్చి, రెండుసార్లు భోజనం పెట్టించాడు. ఇక్కడేం చేస్తున్నావని అడిగింది ఆ తర్వాతే (1 రాజులు 19).