ఒబామాకేర్ రద్దు అని వార్త వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఇవి చూడండి

అమెరికాలో ఎవరైనా ఒబామాకేర్ (ఒబామా హయాంలో వచ్చిన ఆరోగ్య బీమా చట్టం) ఎత్తేస్తాం అనగానే మన వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ మొదలు. గ్రీన్ కార్డ్ మీద అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్లకి మరీనూ, ఎందుకంటే 65 దాటినా అయిదేళ్లు ఇక్కడ ఉంటే గానీ మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వమిచ్చే బీమా) కొనుక్కోనివ్వరు, అప్పటిదాకా చాలామందికి ఈ చట్టం కింద ప్రభుత్వం నడిపే మార్కెట్‌ప్లేస్ సైటులో దొరికే పాలసీయే గతి.

ముందు ఓట్లు లెక్కపెట్టండి. వందమంది ఉండే సెనేట్‌లో (పై సభ) మామూలు బిల్లు కదలాలంటే 60 ఓట్లు కావాలి. బడ్జెట్‌కి ముడిపెట్టి రీకన్సిలియేషన్ దారిలో తెస్తే సగం దాటితే చాలు, కానీ అలా మార్చగలిగేది డబ్బు వ్యవహారాలనే: ప్రీమియంకి ఇచ్చే సబ్సిడీ, పన్ను, మెడికెయిడ్ (పేదలకి ప్రభుత్వమిచ్చే బీమా) నిధులు. పాత జబ్బుందని పాలసీ నిరాకరించకూడదన్న రూలు జోలికి ఆ దారిలో వెళ్లడం కష్టం. 2017లో ట్రంప్ ఉన్నారు, రెండు సభలూ రిపబ్లికన్లవే, రద్దు బిల్లు ప్రతినిధుల సభలో 217-213తో గట్టెక్కింది కూడా. తీరా జూలై 28న అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో రిపబ్లికన్ సెనేటర్ మెకెయిన్ వచ్చి, వద్దంటూ బొటనవేలు కిందికి తిప్పారు. 49-51, అంతే సంగతులు.

తర్వాత, తీసేసి ఏం పెడతారో చూడండి. అసలు గొడవంతా ఇక్కడే ఉంది, ఉపన్యాసాల్లో మాత్రం వినపడదు. ఇప్పటి చట్టంలో పెద్దవాళ్ల ప్రీమియం కుర్రాళ్లకి మూడు రెట్లు దాటకూడదు. 21 ఏళ్ల అబ్బాయికి నెలకి 300 డాలర్లు అనుకోండి, 64 ఏళ్ల నాన్నగారికి 900 మించదు. 2017లో ప్రతినిధుల సభ పాస్ చేసిన బిల్లు అయిదు రెట్ల దాకా ఒప్పుకుంది, అంటే 1500, ఏడాదికి 18,000. దానికి ఆ బిల్లు ఇస్తానన్న సాయం ఆ వయసువాళ్లకి ఏడాదికి గరిష్ఠంగా 4,000. ఈ చిన్న లెక్క వేసుకుంటే చాలు, టీవీ డిబేట్ చూడక్కర్లేదు. ఆ బిల్లు వల్ల 2026 నాటికి ఇంకో 2.3 కోట్ల మందికి బీమా ఉండదని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్కగట్టింది కూడా.

ఇక నన్నడిగితే, రద్దు అనే మాట లేని బిల్లులనే ఎక్కువ జాగ్రత్తగా చదవాలి. బీమా లేకపోతే కట్టాల్సిన జరిమానాని 2017 డిసెంబర్ పన్ను చట్టంలోనే సున్నా చేసేశారు, 2019 నుంచి అమలు. 2021లో పెంచిన సబ్సిడీలు 2025 ఆఖరుకి ముగిసిపోయాయి, వాటి కోసం డెమొక్రాట్లు పట్టుబట్టడంతోనే ప్రభుత్వం 43 రోజులు మూతబడింది. 2025 జూలై చట్టం మనకి ఇంకా దగ్గరి విషయం: ఆదాయం పేదరిక రేఖకి దిగువనుండి, అయిదేళ్లు ఇక్కడ ఉండాలన్న నిబంధన వల్ల మెడికెయిడ్ రాని కొత్త గ్రీన్ కార్డ్ వాళ్లకి సబ్సిడీ 2026 జనవరి నుంచి ఆగిపోయింది. అదే చట్టం ప్రకారం 2027 నుంచి హెచ్1బీ వాళ్లకీ ఉండదు. ఇంత జరిగినా మా గ్రూపులో దీని మీద ఒక్క ఫార్వర్డ్ రాలేదండీ!

నవంబర్ 1న మార్కెట్‌ప్లేస్ పాలసీల ఎన్‌రోల్‌మెంట్ తెరుస్తారు. మీ రాష్ట్రానికి సొంత సైటుంటే అందులో, లేదంటే హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో జిప్ కోడ్, వయసు, ఆదాయం కొట్టి చూడండి. సబ్సిడీ తీసేస్తే పూర్తి ప్రీమియం ఎంతో అది కూడా పక్కన రాసిపెట్టుకోండి.