నల్లగొండ నుంచి స్పితి దాకా: గైడ్ తోని హిమాలయాలకు పోయేటోళ్లు ప్యాకేజ్‌ల ఏం చూస్కోవాలె

హిమాలయాల ట్రిప్ అనంగనే మన దిక్కు రెండే యాదికొస్తయి, ఒకటి చార్‌ధామ్, ఇంకోటి మనాలి హనీమూన్ ప్యాకేజ్. ఈ రెండూ గాకుండ ఇంకో తొవ్వ ఉంది, హిమాచల్ ప్రదేశ్‌ల సిమ్లా నుంచి కిన్నౌర్ జిల్లా మీదుగ స్పితి లోయల దిగి కుంజుమ్ పాస్ దాటి మనాలిల తేలేది. కట్టెతోని కట్టిన పాత గుళ్లు, వెయ్యేండ్ల బౌద్ధ మఠాలు, చెట్టు చేమ లేని కొండలు, ఆపిల్ తోటలు అన్నీ ఒక్క తొవ్వలనే వస్తయి. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి దిక్కు నుంచి రెండు మూడు కుటుంబాలు కలిసి ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకోని గైడ్ తోని పోదామనుకునేటోళ్ల కోసం రాస్తున్న. బైక్ మీద పోయే పోరగాండ్లకు ఇది అంతగ పనికిరాదు, వాళ్ల లెక్క వేరే.

ప్యాకేజ్ వివరాలు వాట్సాప్‌ల రాంగనే అందరం చేసే పని ఎన్ని ప్లేసులు చూపిస్తుండు అని లెక్కవెట్టుడు. చూడాల్సింది అది గాదు. ఏ రాత్రి ఏ ఊర్ల పండుకుంటున్నం, ఆ ఊరు ఎంత ఎత్తుల ఉంది, అది చూడాలె. మనం ఐదు వందల మీటర్ల లోపు ఎత్తుల బతికేటోళ్లం. సిమ్లా దగ్గరదగ్గర 2200 మీటర్లు, సాంగ్లా 2700, కల్ప 2900 పైన, తాబో 3280, స్పితిల పెద్దూరు కాజా 3700 అటిటు, చంద్రతాల్ చెరువు 4250 పైన. ఈ వరుసల పోతే ఒంటికి అలవాటు చేస్కునే టైం దొరుకుతది. అదే మనాలి దిక్కు నుంచి ఎక్కిస్తే 2050 మీటర్ల కాడ పొద్దుగాల లేచి 4500 మీటర్ల పైన ఉన్న కుంజుమ్ దాటి మాపటికి కాజాల పండుకోవాలె, అంటే ఒక్క దినంల 1600 మీటర్ల పైకి. నెత్తినొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవుడు ఇట్లనే మొదలైతయి. 3000 మీటర్లు దాటినంక రాత్రి పండుకునే ఎత్తు దినానికి 500 మీటర్ల కంటె ఎక్కువ పెంచొద్దు, మూడు నాలుగు దినాలకొకసారి అదే ఊర్ల ఇంకో రాత్రి ఆగాలె అని డాక్టర్లు చెప్తరు. అందుకే "మనాలి ఇన్, సిమ్లా అవుట్" అని ఉన్న ప్యాకేజ్ ఎంత చీప్‌గ వచ్చినా నేనైతే వద్దంట. ఆరు దినాల్ల స్పితి మొత్తం తిప్పుతం అనేటోళ్లకు దండం పెట్టి పక్కకు జరగండ్రి.

నా లెక్కల సరిగ్గ ఉండే ప్లాన్ ఇది. సిమ్లాల ఒక రాత్రి, సరాహన్‌ల ఒకటి, సాంగ్లాల ఒకటి, కల్పల ఒకటి, తాబోల ఒకటి, కాజాల మూడు, చంద్రతాల్ కాడ ఒకటి, మనాలిల ఒకటి. చిన్న పిల్లలు, అరవై దాటినోళ్లు ఉంటే చంద్రతాల్‌ల పండుకునుడు తీసేసి చూసి దిగిపోండ్రి, రాత్రి టెంట్ల చలి పెద్దోళ్లు తట్టుకోలేరు.

గైడ్‌ను, ట్రావెల్స్ ఆయనను ఫోన్‌ల అడగాల్సినవి కొన్ని ఉన్నయి, మొహమాటపడకుండ అడగండ్రి. డ్రైవర్ హిమాచల్ ఆయనేనా, ఈ తొవ్వల ముందు నడిపిండా. గైడ్ ఆ ఊర్లోడా లేక ఢిల్లీ నుంచి మనతోని ఎక్కేటోడా. బండిల ఆక్సిజన్ సిలిండర్ ఉంటదా, ఉంటే దాన్ని పెట్టుడు ఎవరికొస్తది. తొవ్వ బందైతే ఆ రాత్రి రూం పైసలు ఎవరియి. కాజాల ఉండేది హోటలా హోమ్‌స్టేనా. ఈ చివరి దాంట్ల నేను హోమ్‌స్టే దిక్కే ఉంట, ఎందుకంటే స్పితి ఇంట్ల మట్టిగోడల మధ్యన పొయ్యి చుట్టూ కూసోని వాళ్లు చేసింది తింటేనే వాళ్ల బతుకు జర తెలుస్తది, హోటల్ల గీజర్ ఉంటది గాని కరెంట్ ఉన్నప్పుడే కద. ఇంకోటి, మన దేశపోళ్లకు ఈ తొవ్వకు ఇన్నర్ లైన్ పర్మిట్ (బార్డర్ దిక్కు పోవడానికి సర్కార్ ఇచ్చే కాయిదం) అక్కర్లేదు, విదేశీయులకే కావాలె. "పర్మిట్ ఫీజు" అని మనిషికింత రాసిన ప్యాకేజ్ ఉంటే అది దేనికో గట్టిగ అడగండ్రి. ఆధార్ మాత్రం జేబుల ఉండాలె, చెక్‌పోస్టుల కాడ చూస్తరు.

ఎప్పుడు పోవాలె అన్నది మనకు పెద్ద పంచాయితీ. కుంజుమ్ పాస్ జూన్ల తెరుస్తరు, అక్టోబర్ దాకా ఉంటది, మంచును బట్టి అటిటు. జూన్ల మనకు పత్తి గింజలు పెట్టే పని, జులైల నాట్లు. జులై ఆగస్టుల స్పితిల వాన తక్కువే గాని ఆడికి పోయే కిన్నౌర్ తొవ్వల కొండ చరియలు ఇరిగిపడ్తయి, 2021 ఆగస్టుల నిగుల్‌సరి కాడ బస్సు మీద బండలు పడి మస్తు మంది పోయిండ్రు. కాబట్టి సెప్టెంబర్ నడిమిట్ల పోవుడు మంచిగుంటది, వాన ఎనకబడ్తది, ఆపిల్ చెట్ల మీద ఉంటది, ఇక్కడ కూడ పత్తి ఏరుడు ఇంకా ఊపందుకోదు. సెప్టెంబర్‌ల కిన్నౌర్ ఊర్లల్ల ఫులైచ్ అని పూల పండుగ చేస్తరు, కొండెక్కి పూలు తెంపుకొచ్చి ఊరి దేవునికి, పోయిన పెద్దలకు పెడ్తరు, ఒక్కో ఊర్ల ఒక్కో తారీకు. గునుగు, తంగేడు కోసం పొలం గట్లు పట్టుకోని తిరిగే మన ఆడోళ్లకు అది చూపిస్తే మస్తు సంబురపడ్తరు, గైడ్‌ను ముందే తారీకు కనుక్కోమనండ్రి.

దసర సెలవులల్ల పోతే ఇంకో లాభం ఉంది. కుల్లు దసర మన విజయదశమి నాడు మొదలై ఏడు దినాలు నడుస్తది, చుట్టుపక్కల ఊర్ల దేవతలందరు పల్లకీల మీద ఢాల్పూర్ మైదానానికి వస్తరు, రఘునాథుని రథం గుంజుతరు. మనాలి నుంచి దిగేటప్పుడు తొవ్వలనే పడ్తది. గాని ఆ లెక్కన పోతే సద్దుల బతుకమ్మకు ఇంటికాడ ఉండరు, ఆ ముచ్చట ముందు ఇంట్ల తేల్చుకోని టికెట్లు బుక్ చేస్కోండ్రి.

ఇగ పోవుడు. సికింద్రాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒక దినం పైన పడ్తది ఢిల్లీకి. రైలు టికెట్లు ఇప్పుడు 60 దినాల ముందే తెరుస్తరు, ఆ పొద్దే కూసోవాలె. ఢిల్లీ నుంచి సిమ్లాకు బస్సు ఉంది గాని కాల్కా కాడ దిగి చిన్న రైలు ఎక్కండ్రి, 1903ల మొదలైన లైను, 96 కిలోమీటర్లు, వందకు పైన సొరంగాలు, 2008 నుంచి యునెస్కో లిస్టుల ఉంది. పిల్లలు సొరంగం వచ్చినప్పుడల్లా ఒర్రుతరు, చెవులు పోతయి.

సరాహన్‌ల భీమాకాళి గుడి ఉంది, బుషహర్ రాజుల కులదేవత. ఒక వరుస రాయి ఒక వరుస దేవదారు కట్టె పేర్చి కట్టిన గుడి, ఆ కట్టుడును కాఠ్‌కుణి అంటరు, భూకంపం వచ్చినా జర ఊగి నిలబడ్తది. లోపలికి తోలు బెల్టు, పర్సు రానియ్యరు, నెత్తి మీద టోపీ ఉండాలె, ఆడనే ఇస్తరు. సాంగ్లా పక్కన కామ్రూ కోటల కూడ టోపీ పెట్టి నడుముకు పట్టీ కట్టినంకనే లోపలికి పంపుతరు. కిన్నౌర్‌ల కొన్ని గుళ్లల్ల బయటోళ్లను గడప దాటనియ్యరు, గోడ కూడ ముట్టుకోవద్దంటరు. మనోళ్లకు కోపమొస్తది గాని ఊరి దేవుడు, ఊరి కట్టు, వాళ్లిష్టం. ఫోటోకు ముందు గైడ్‌తోని అడిగించుడు మర్యాద. సాంగ్లా నుంచి చిత్కుల్ పోయి రండ్రి, టిబెట్ దిక్కు ఆ తొవ్వల చివరి ఊరు, బస్పా నది పక్కపొంటి ఓగ్లా (బక్‌వీట్ అనే పంట) చేన్లు గులాబి రంగుల ఉంటయి. కల్పల పొద్దుగాల లేస్తే ఎదురుంగనే కిన్నర్ కైలాస్ కొండ.

ఖాబ్ కాడ స్పితి నది వచ్చి సట్లెజ్‌ల కలుస్తది, ఆడికెంచి పచ్చదనం పోయి కొండలు మట్టి రంగుకు మారుతయి. తాబోకు సగం దినమన్నా పెట్టండ్రి, చాలా ప్యాకేజ్‌లల్ల దీనికి అర్ధగంటే ఇస్తరు, అది చూస్తే నాకు ఒళ్లు మండుతది. క్రీస్తు శకం 996ల కట్టిన మఠం, రించెన్ జాంగ్పో అనే అనువాదకుని పేరు మీద చెప్తరు, సంస్కృత గ్రంథాలను టిబెటన్‌లకు తెచ్చినోళ్లల్ల పెద్దాయన. బయట చూస్తే ఉత్త మట్టి గోడలు. లోపలికి పోతే గోడల నిండ బొమ్మలు, మట్టితోని చేసిన విగ్రహాలు గోడకు వరుసగ నిలబడి ఉంటయి, చీకటి ఉంటది కాబట్టి కండ్లు అలవాటు పడేదాక నిలబడాలె. ఫోటోలు తియ్యనియ్యరు, చిన్న టార్చ్ పట్టుకపోండ్రి, దాన్ని బొమ్మ మీద అదే పనిగ కొట్టకండ్రి. 1975 జనవరిల కిన్నౌర్ భూకంపానికి ఇది దెబ్బతిన్నది, అయినా నిలబడ్డది.

ఈడ నల్లగొండోళ్లకు ఒక ప్రత్యేకమైన పని ఉంది. టిబెటన్ మఠాలల్ల గోడ బొమ్మలు, గుడ్డ మీద గీసే తంకాలు ఉంటయి కద, వాటిల నెత్తి ఎనక పాము పడగలు ఉన్న భిక్షువు కనిపిస్తే ఆయన ఆచార్య నాగార్జునుడు. మన సాగర్ కాడి నాగార్జునకొండ ఎవరి పేరు మీద ఉన్నదో ఆయననే. కాజా దిక్కు లామాలు చదువుకునే మాధ్యమిక అనే బౌద్ధ తత్వానికి మూలపురుషుడు ఆయన. కాజా దగ్గరి కీ గొంప (గొంప అంటే బౌద్ధ మఠం) కాడ లామాను "నాగార్జున ఎక్కడ" అని హిందీల అడగండ్రి, ముఖం ఎలిగిపోతది, మేము ఆ దిక్కు నుంచే వచ్చినమని చెప్తే చాయ్ తాగకుండ పంపరు. పోయే ముందు ఒక ఆదివారం సాగర్ పోయి కొండ మీద మ్యూజియం, 2022ల తెరిచిన బుద్ధవనం చూసి రండ్రి, వీలైతే సూర్యాపేట దిక్కు ఫణిగిరి కూడ. స్థూపం అంటే ఏందో, ఎటు దిక్కు నుంచి తిరగాలెనో ఈడనే తెలుస్తది, ఆడ గైడ్ చెప్పేది సగం కాదు మొత్తం ఎక్కుతది. స్థూపం, మంత్రాలు చెక్కిన రాళ్ల గోడ ఏది వచ్చినా మన గుడి ప్రదక్షిణ లెక్కనే కుడిచెయ్యి దిక్కు ఉంచుకోని పోవాలె, ప్రార్థన చక్రం కూడ అటే తిప్పాలె.

కాజాల మూడు రాత్రులు ఎందుకంటే మొదటి దినం ఏం చెయ్యొద్దు. నీళ్లు తాగి, బజార్ల మెల్లగ నడిచి, తొందరగ పండుకోవాలె. 4000 మీటర్ల కాడ మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టం కాడ దాంట్ల 60 శాతం అటిటు, మెట్లెక్కినా ఆయాసమొస్తది. ఆడ జొన్నల తీరు బార్లీతోని చేసే ఛాంగ్ ఉంటది, మన కల్లు యాదికొస్తది గాని మొదటి రెండు దినాలు ముట్టకండ్రి. రెండో దినం కీ గొంప, కిబ్బర్ ఊరు. మూడో దినం లాంగ్‌జా, హిక్కిం, కోమిక్, ఈ మూడు ఊర్లు 4400 మీటర్లు, అంతకు పైనే, పోయి మాపటికి కాజాకు దిగిరావాలె. హిక్కింల పోస్టాఫీసు ఉంది, ఇంటికి కార్డు రాసి పడెయ్యండ్రి, మీరు వచ్చినంక అది వస్తది. లాంగ్‌జా కాడ పిల్లలు రాళ్లల్ల ఉన్న నత్తల్లాంటి శిలాజాలు అమ్మజూపుతరు, కోట్ల ఏండ్ల కింద ఆడ టెథిస్ సముద్రం ఉండె, దాని గుర్తులవి. కొనకండ్రి, చూసి ఇచ్చేయండ్రి.

బీపీ, షుగర్, గుండె ముచ్చట ఉన్నోళ్లు పోయే ముందు డాక్టర్‌ను కలవాలె, ఎత్తుల పానం బాగలేకుండ కాకుండ ఏస్కునే డయామాక్స్ గోలీ గురించి కూడ ఆయననే అడగాలె, సల్ఫా మందులు పడనోళ్లకు అది కుదరకపోవచ్చు. ఇన్సులిన్ రాత్రి బ్యాగుల పెడితే గడ్డకడ్తది, ఒంటి దగ్గర పెట్టుకోవాలె. నెత్తినొప్పి గోలీ ఏస్కున్నా తగ్గకపోతే ఇంక పైకి పోవద్దు. మనిషి తూలుతుండు, మాట తడబడ్తుంది, కూసున్నా ఆయాసం ఆగుతలేదు అంటే రాత్రయినా సరే బండి కిందికి తిప్పియ్యాలె. గైడ్ "పొద్దుగాల చూద్దాం సాబ్" అంటే ఇనకండ్రి.

తిండి దగ్గర మనోళ్లు గొడవ చేస్తరు. ఆ ఎత్తుల నీళ్లు 90 డిగ్రీల లోపే మరుగుతయి, కుక్కర్ లేకుంటే అన్నం పలుకు పలుకుగనే ఉంటది, వంటాయన మీద ఒర్రితే లాభం లేదు. తుక్పా (నూడుల్స్ ఏసిన చారు), మోమో, రాజ్మా చావల్ దొరుకుతయి, తుక్పా వేడివేడిగ తాగితే పానం లేచొస్తది. ఇంటికెంచి కారంపొడి, మామిడికాయ తొక్కు, సకినాలు తెచ్చుకోండ్రి, జొన్నరొట్టెలు కడక్‌గ కాల్చి కట్టుకుంటే తాబో దాకా ఆగుతయి. పైసలు క్యాష్‌ల ఉండాలె, కాజాల ఏటీఎం ఉంది గాని దాన్ని నమ్ముకోవద్దు. మన ప్రీపెయిడ్ సిమ్ హిమాచల్‌ల పనిచేస్తది, సిగ్నల్ మాత్రం కాజా దాటితే దొరుకుతదని నమ్ముకోవద్దు.

కుంజుమ్ దాటి చంద్రతాల్ పోయే తొవ్వ మొత్తం రాళ్లే, నడుములు ఊడుతయి, పొద్దుగాల ఆరింటికల్లా బయలెల్లాలె, ఎందుకంటే ఎండ పెరిగితే మంచు కరిగి వాగులు పొంగుతయి. చెరువు ఒడ్డుకు టెంట్లు ఏయనియ్యరు, జర దూరంల ఉంటయి. ఆడికెంచి దిగి అటల్ టన్నెల్ల పడితే 9 కిలోమీటర్లు కొండ కిందినుంచే పోయి మనాలి దిక్కు తేలుతరు. ఢిల్లీ నుంచి రిటర్న్ రైలు మాత్రం ప్లాన్ కంటే ఒక దినం ఎనక పెట్టుకోండ్రి, కొండ తొవ్వ ఎక్కడన్నా ఒక పూట బందైతే తత్కాల్ కోసం కొట్లాడే పని ఉండది.