కొత్త ఆలివ్ నూనెను రుచి చూడడం – మూడవ పాఠం: ముక్కు, నాలుక, గొంతు

మొదటి రెండు పాఠాలలో కాయ కోత గురించి, మిల్లులో కాయ నూనెగా మారే పద్ధతి గురించి తెలుసుకున్నాము. ఈ పాఠంలో గ్లాసు చేతికి తీసుకుందాము. మధ్య ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో ఈ విద్యకు అక్టోబరు, నవంబరు నెలలను మించిన అదను లేదు. 'ఫ్రాంతోయీ అపెర్తి' అనే పేరుతో ఆ కాలపు వారాంతాల్లో ట్రెవి, స్పెల్లో, స్పొలేతో, అసీసీ వంటి కొండ ఊళ్ల చుట్టుపక్కల నూనె మిల్లులు సందర్శకులను లోపలికి రానిస్తాయి; ఒకవైపు బుట్టల కొద్దీ కాయలు యంత్రంలోకి పడుతుండగానే మరొకవైపు గొట్టం నుంచి చిక్కని పచ్చ రంగు ధార దిగడం కళ్లారా చూసి, ఆ నూనెనే అక్కడికక్కడ రుచి చూడవచ్చు. ట్రెవికి అక్టోబరులో వెళ్లగలిగినవారు అక్కడి ప్రత్యేక పంట అయిన నల్ల సెలరీ సంతను కూడా చూసి రావచ్చు.

ముందుగా గ్లాసు సంగతి. వృత్తిగా రుచి చూసేవారు వాడే గ్లాసు ముదురు నీలం రంగులో, అడుగున వెడల్పుగా, అంచు దగ్గర సన్నగా ఉంటుంది. నూనె రంగు కనబడకూడదన్నదే ఆ నీలం రంగు ఉద్దేశం, ఎందుకంటే పచ్చగా ఉన్నది గొప్పదనీ, పసుపుగా ఉన్నది తక్కువదనీ కన్ను ముందే తీర్పు చెప్పేస్తుంది, ఆ తీర్పుకు ఆధారం లేదు. ఇంట్లో అభ్యాసం చేసేవారు చిన్న గాజు గ్లాసుకు ముదురు రంగు కాగితం చుట్టుకుంటే చాలు. అందులో సుమారు 15 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద చెంచాడు నూనె పోయండి. అడుగు భాగాన్ని ఒక అరచేతిలో పట్టుకుని, రెండవ అరచేతితో మూత వేసి, ఒకటి రెండు నిమిషాలు మెల్లగా తిప్పండి. నియమం ప్రకారం నూనె 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి. నవంబరు చలిలో కొండ మీది మిల్లులో పోసిన నూనె అంతకంటే చల్లగా ఉంటుంది కనుక ఈ వెచ్చబరచడాన్ని దాటవేయకండి, చల్లని నూనె వాసననివ్వదు.

ఇప్పుడు మూత తీసి, నిదానంగా ఒకసారి లోతుగా వాసన పీల్చండి. ఉంబ్రియా కొండవాలుల రాతి నేలల్లో ఎక్కువగా పండే మొరాయోలో రకం నూనెలో అప్పుడే కోసిన గడ్డి, నలిపిన టమాటా ఆకు, పచ్చి బాదం వాసనలు వెతకండి. అన్నీ దొరకకపోయినా చింత లేదు. పచ్చి కాయ వాసన తగిలిందా లేదా అన్నదే మొదటి ప్రశ్న, పేర్లు అభ్యాసం మీద వస్తాయి.

తరువాత చిన్న గుక్క తీసుకుని నాలుక మీద, బుగ్గల లోపలికి పరచుకోనివ్వండి. పళ్లు దగ్గరకు చేర్చి, వాటి సందుల్లోంచి గాలిని రెండు మూడుసార్లు చప్పుడయ్యేలా లోపలికి లాగండి. ఇటలీవారు దీనిని 'స్ట్రిప్పాజ్జో' అంటారు. ఆవకాయ కారం నషాళానికి అంటినప్పుడు మనం 'స్ స్' మంటూ గాలి పీల్చుకుంటామే, చేయవలసినది సరిగ్గా అదే. ఆ గాలి నూనెను తుంపరగా చేసి, వాసనను గొంతు వెనక దారిన ముక్కుకు చేరవేస్తుంది. నాలుక మీద చేదు తెలుస్తుంది. ఇప్పుడు మింగి, మాట్లాడకుండా ఆగండి.

ఈ పాఠానికి ఆయువుపట్టు ఈ ఆగడంలోనే ఉంది. మింగిన కొన్ని క్షణాలకు గొంతులో ఘాటు మొదలవుతుంది, మంచి కొత్త నూనె అయితే దగ్గు కూడా వస్తుంది. నువ్వుల నూనెను కమ్మదనంతో కొలిచే అలవాటున్న మనకు ఈ చేదునూ ఘాటునూ దోషాలుగా లెక్కగట్టాలని అనిపిస్తుంది. అలా లెక్కగట్టకండి. అంతర్జాతీయ రుచి పరీక్ష పత్రంలో కాయ వాసన, చేదు, ఘాటు అనే మూడూ గుణాలుగానే నమోదవుతాయి. ఘాటుకు ముఖ్య కారణం ఒలియోకాంథాల్, ఇది ఆలివ్ నూనెలో ఉండే ఫినాల్ అనే రసాయన వర్గానికి చెందిన పదార్థం. అది ఐబుప్రోఫెన్ మాత్రలాగే గొంతును గరగరలాడిస్తుందనీ, వాపును తగ్గించే గుణం కూడా రెండింటికీ ఉందనీ 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కాయ పూర్తిగా పండకముందే కోస్తే ఫినాళ్లు ఎక్కువగా ఉంటాయి, నిలవ ఉన్నకొద్దీ తగ్గిపోతాయి. అందుకే శరదృతువులో మిల్లు దగ్గర తాగిన గుక్కకూ, ఏడాది తిరిగాక సీసాలోంచి తీసిన గుక్కకూ అంత తేడా ఉంటుంది.

సీసాల మీద కనిపించే ఆమ్లత అంకె, అంటే నూనెలో విడిపడి ఉన్న కొవ్వు ఆమ్లాల శాతం, గురించి ఒక్క మాట. ఎక్స్‌ట్రా వర్జిన్, అంటే అత్యుత్తమ శ్రేణి నూనె, అనిపించుకోవాలంటే అది 0.8 శాతం మించకూడదు, రుచి పరీక్షలో దోషం సున్నాగా తేలాలి. కానీ ఆ ఆమ్లత నాలుకకు తెలియదు, ప్రయోగశాలకే తెలుస్తుంది. పుల్లదనం కోసం వెతకకండి.

ఒక నూనెకూ మరొక నూనెకూ మధ్య ఒక ఆపిల్ ముక్క తిని, నీళ్లు తాగండి. ఒక పూటకు మూడు, నాలుగు నూనెలు చాలు, ఆ పైన గొంతు మొద్దుబారుతుంది. మిల్లులో బ్రుస్కెత్తా పెడతారు: ఉప్పు వేయకుండా చేసే అక్కడి రొట్టెను నిప్పుల మీద కాల్చి, వెల్లుల్లి రెబ్బతో రుద్ది, పైన నూనె ధారగా పోసి, ఉప్పు చల్లుతారు. ఎంత నోరూరినా గ్లాసు పని ముగిశాకే దాని జోలికి వెళ్లండి, ఎందుకంటే రొట్టె చేదును కప్పేస్తుంది, వెల్లుల్లి మిగిలినదంతా కప్పేస్తుంది.

ఈ వారం అభ్యాసం. ఉంబ్రియా వెళ్లలేనివారు మూడు సీసాలు సంపాదించండి: కోత సంవత్సరం ముద్రించిన ఎక్స్‌ట్రా వర్జిన్ ఒకటి, తెరిచి కొన్ని నెలలైనది ఒకటి, శుద్ధి చేసిన నూనె కలిపి కేవలం 'ఆలివ్ ఆయిల్' అని అమ్మేది ఒకటి. తిన్నాక కనీసం గంట ఆగి, కాఫీ, సెంటు లేకుండా కూర్చోండి. ప్రతి నూనెకు కాగితం మీద 10 సెంటీమీటర్ల గీతలు మూడు గీసి, కాయ వాసన, చేదు, ఘాటు ఎంతవరకు ఉన్నాయో వాటి మీద గుర్తు పెట్టండి. ఏ సీసా ఏదో ఇంట్లో మరొకరికి మాత్రమే తెలియాలి. ఆ కాగితాన్ని దాచుకోండి; ముక్కిపోయిన వాసన, పులిసిన వాసన, పాతబడిన నూనె వాసన అనే దోషాలను గుర్తుపట్టే నాలుగవ పాఠం ఆ గీతల పక్కనే మొదలవుతుంది.